చేతులు కట్టేసిన కోడలు

రాజేశ్వరి ఆ రోజు పెసరట్లు వేసింది. మంగళవారం పూట, పండగా పబ్బమూ ఏదీ లేకుండా, అల్లం పచ్చిమిర్చి సన్నగా తరిగి, లోపల ఉప్మా పెట్టి మరీ వేసింది. వేణుగోపాల్ ప్లేటు వంక ఒకసారి, భార్య మొహం వంక ఒకసారి చూశాడు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో అడక్కుండా తన ముందుకి పెసరట్టు వచ్చిందంటే దాని వెనక ఏదో ఉంటుందని అతనికి బాగా తెలుసు.

"ఏంటి విశేషం?" అన్నాడు.

"ఏం లేదు. తినండి. చల్లారితే బాగోదు."

"షుగర్ టెస్టుకి వెళ్ళమంటావా?"

"ఎక్కడికీ వెళ్ళమనను. హాయిగా తినండి."

ఆ 'హాయిగా' అన్న మాటకి అతనికి నిజంగానే భయం వేసింది. సత్యనారాయణపురంలోని ఆ ఇంట్లో డైనింగ్ టేబుల్ సగం కంచాలకీ సగం కాగితాలకీ పంచేసి మూడేళ్ళయింది. కాగితాల వైపు రాజేశ్వరి కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. మొహం వెలిగిపోతోంది. వన్‌టౌన్‌లో బట్టల హోల్‌సేల్ కొట్టు నడిపే మనిషి కాబట్టి ఎదుటివాళ్ళ మొహం చదవడం వేణుగోపాల్‌కి వచ్చు. ఇది ట్రస్టు వ్యవహారమే అనుకున్నాడు.

ట్రస్టు అతని తల్లి వెంకటరావమ్మ పేరు మీద ఉంది. పెడనలో పాత మగ్గాల షెడ్డు అమ్మినప్పుడు ఆ డబ్బుతో గుడికి మండపం కట్టిద్దామన్నాడు వేణుగోపాల్. "మండపం ఎవరికి స్నానం చేయిస్తుందండీ?" అంది రాజేశ్వరి. వెంకటరావమ్మ డిమెన్షియాతో పోయింది. ఆ జబ్బు మనిషి మీదా ఇంటి మీదా వేసే బరువు తగ్గించే దారి వెతికేవాళ్ళకి, అందులోనూ చదువు ఇప్పుడే ముగించి ఇంకా పేరూ ఉద్యోగమూ లేని పిల్లలకి, ఏడాదికి ఒకరికి రెండేళ్ళ జీతమూ పరిశోధన ఖర్చూ ఇవ్వాలని ఆవిడే నిర్ణయించింది. పెద్ద పెద్ద వాళ్ళకి ఇచ్చేవాళ్ళు ఉంటారు, మొదలుపెట్టేవాళ్ళకే ఎవరూ ఉండరు అని ఆవిడ వాదం. రిటైరైన నరాల డాక్టరు రామకోటేశ్వరరావుగారు పేర్లు తీసేసిన అప్లికేషన్లు చదివి మార్కులు వేస్తారు. చివరి సంతకం రాజేశ్వరిది.

"డాక్టరుగారు ఏడో నంబరుకి అందరికంటే ఎక్కువ వేశారు. ఇలాంటిది ఈ మూడేళ్ళలో చూడలేదని రాశారు కూడా," అంది రాజేశ్వరి.

"మంచిదేగా. ఎవరా ఏడో నంబరు?"

"మీ మేనకోడలు శ్రీలలిత."

పెసరట్టు ముక్క వేణుగోపాల్ చేతిలోనే ఆగిపోయింది.

"బంధువులకి ఇవ్వకూడదని ఒక రూలు రాసేసుకుందాం," అన్నాడు. "ఒక ఉత్తరం పంపితే సరిపోతుంది. ఎవరికీ నొప్పి ఉండదు."

"ఎవరికీ నొప్పి లేకపోతే నాకేం సుఖమండీ? పిలుస్తాను. ఇంటికే పిలుస్తాను. వాళ్ళమ్మ పక్కన కూర్చుని ఉండగా, ఇవ్వనని నా నోటితో చెబుతాను."

వేణుగోపాల్ చెయ్యి కడుక్కుని లేచాడు. రెండో అట్టు ముట్టుకోలేదు. రాజేశ్వరి మాత్రం మూడు తింది.

ఆవిడ కసి ఈనాటిది కాదు. తొమ్మిదేళ్ళ నాటిది. అప్పటికి అత్తగారికి జబ్బు వచ్చి ఏడేళ్ళు. వెంకటరావమ్మ కొడుకు పేరు మర్చిపోయింది. భర్త ఆదిశేషయ్య ఏడని రోజూ అడిగేది. పోయారని చెబితే అప్పుడే పోయినట్టు రోజూ ఏడ్చేది. కమ్మలు కోడలే దొంగిలించిందని పాలవాడికి, కూరగాయల మనిషికి, మీటరు చూడటానికి వచ్చినవాడికి చెప్పేది. స్నానం, తిండి, పక్క దులపడం, తడిసిన బట్టలు, అన్నీ రాజేశ్వరే చూసుకుంది. కూతురు భ్రమరాంబ పెడన నుంచి నెలకోసారి బస్సెక్కి వచ్చి, గంట కూర్చుని, అమ్మ చిక్కిపోయిందని చెప్పి వెళ్ళేది.

అన్నిటినీ భరించిన రాజేశ్వరికి ఒక్కటే భరించరానిది అయింది. వెంకటరావమ్మ దొరికిన చీరనల్లా లాక్కుని అంచు దారాలు పీకేది. దేవుడి గదిలో దూరి అగరొత్తుల బూడిద వేళ్ళకి పూసుకొచ్చి, ఆ వేళ్ళతో కొంగులు నలిపేది. రాజేశ్వరి కూతురి పెళ్ళి పట్టుచీర కొంగు అలాగే పోయింది. చీర లాక్కుంటే పక్కదుప్పటి పట్టుకునేది. దుప్పటి కూడా తీసేస్తే తన గోళ్ళనే పీక్కునేది. వేళ్ళు పుండ్లు పడ్డాయి. అప్పుడు రాజేశ్వరి మెత్తటి నేత తువ్వాలుతో ఆవిడ చేతులు రెండూ కుర్చీకి కట్టడం మొదలుపెట్టింది. రోజూ రెండు గంటలు. వంట చేసుకుని, తను స్నానం చేసి, ఒక ముద్ద తినడానికి పట్టే ఆ రెండు గంటలే.

ఎండాకాలం సెలవల్లో అమ్మమ్మని చూడటానికి వచ్చిన శ్రీలలిత ఆ చేతుల్ని ఫోటో తీసింది. అప్పటికి ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల. తీసి తల్లికి పంపింది. భ్రమరాంబ దాన్ని నూట అరవై మంది బంధువులున్న వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద "మా అమ్మకి మా మరదలు చేస్తున్న సేవ" అని రాసింది. సాయంత్రానికి పెడన నుంచి చల్లపల్లి దాకా ఆ ఫోటో చూడనివాళ్ళు లేరు. ఆ రోజు నుంచి రాజేశ్వరికి బంధువుల్లో ఒకటే పేరు, చేతులు కట్టేసిన కోడలు. పెళ్ళిళ్ళలో ఆవిడ బొట్టు పెట్టబోతే మొహాలు పక్కకి తిప్పుకున్నారు.

రెండు నెలలకి వెంకటరావమ్మ పోయింది. ఆఖరి స్నానం చేయించడానికి రాజేశ్వరి చెంబు పట్టుకుంది. వీధివీధంతా చూస్తుండగా భ్రమరాంబ అడ్డం వచ్చి, "కట్టేసిన చేతులతో మా అమ్మకి నీళ్ళు పొయ్యకు," అంది. ఏడేళ్ళు రోజూ స్నానం చేయించిన మనిషి చెంబు కింద పెట్టి పక్కకి జరిగింది. వేణుగోపాల్ నోరు మెదపలేదు. ఆ చెంబు కింద పెట్టిన క్షణం రాజేశ్వరికి ఇప్పటికీ వేళ్ళలో తెలుస్తూ ఉంటుంది. ఆ తర్వాత రెండిళ్ళకీ రాకపోకలు లేవు. మధ్యలో భ్రమరాంబ భర్త పోయినప్పుడు కూడా వేణుగోపాల్ ఒక్కడే వెళ్ళి వచ్చాడు.

పెసరట్లు వేసిన ఆ మంగళవారం మధ్యాహ్నమే రాజేశ్వరి ఫోన్ చేసింది. శ్రీలలిత ఎత్తింది.

"అత్తయ్యా, మీరా?" అంది. గొంతులో ఆశ దాగలేదు.

"నీ అప్లికేషన్ వచ్చింది. శనివారం పదింటికి ఇంటికి రా. డాక్టరుగారు కూడా ఉంటారు."

"తప్పకుండా వస్తానత్తయ్యా. థాంక్యూ."

"మీ అమ్మని కూడా తీసుకురా."

"అమ్మ ఎందుకత్తయ్యా? ప్రయాణాలు చెయ్యలేకపోతోంది."

"పెడన నుంచి బెజవాడ కూడా ప్రయాణమేనా? అప్పట్లో నెలనెలా వచ్చేదిగా నా తప్పులు చూడటానికి. ఆవిడ రాకపోతే నువ్వూ రానక్కర్లేదు."

"నాకు ఈ ఫండ్ రాకపోతే మార్చితో కాలేజీలో టెంపరరీ పోస్టు అయిపోతుంది అత్తయ్యా. హైదరాబాద్ మందుల కంపెనీలో చేరిపోవాల్సిందే. ఇదంతా వదిలెయ్యాలి. అమ్మ సంగతి మాత్రం ఇంకోలా..."

"శనివారం. పదింటికి. ఇద్దరూ," అని ఫోన్ పెట్టేసింది రాజేశ్వరి. వాళ్ళమ్మ ముఖం చెల్లక రానంటోంది కాబోలు, రానీ, ఆ ముఖమే కదా నాకు కావాల్సింది అనుకుంది.

ఆ నాలుగు రోజులూ ఆవిడ వయసు పదేళ్ళు తగ్గినట్టు తిరిగింది. గవర్నర్‌పేటలో స్టూడియోకి వెళ్ళి ఆ ఫోటోని క్యాలెండరు సైజులో ప్రింటు తీయించింది. ఏం అనాలో గదిలో తలుపేసుకుని అద్దం ముందు చెప్పుకుని చూసుకుంది. మొదట పిల్లని అడగాలి, తర్వాత తల్లిని. అదే గ్రూపులో, అదే నూట అరవై మందికి, నేను తప్పు చేశానని భ్రమరాంబ చేత రాయించాలి. రాసినా డబ్బు ఇవ్వకూడదు. ఆ చివరి ముక్క తలుచుకున్నప్పుడల్లా ఆవిడకి తీపి తిన్నట్టు ఉండేది.

శనివారం పది కొట్టకముందే గేటు ముందు ఆటో ఆగింది. శ్రీలలిత దిగి, తల్లి చెయ్యి పట్టుకుని దింపింది. ఒకప్పుడు వీధి చివర ఉండగానే గొంతు వినిపించే భ్రమరాంబ, గంజి పెట్టిన నేత చీరలో సన్నగా, నెమ్మదిగా నడిచి వచ్చింది. తలుపు తీసిన రాజేశ్వరి రమ్మని అనలేదు.

"బావున్నారా అండీ?" అంది భ్రమరాంబ నవ్వుతూ.

పెళ్ళయిన నాటి నుంచి "ఏమే" అని తప్ప పిలవని ఆడపడుచు. తొమ్మిదేళ్ళు మాట్లాడకపోతే మరదలు 'అండీ' అయిపోతుందన్నమాట అనుకుని రాజేశ్వరి పళ్ళు నూరుకుంది. జవాబివ్వకుండా లోపలికి నడిచింది.

"అక్కా," అంటూ వేణుగోపాల్ ఎదురొచ్చాడు.

"కొట్టు మూసేశావా నాన్నా?" అని భ్రమరాంబ అతని చెంప నిమిరింది. అతను తల తిప్పుకున్నాడు.

హాల్లో డాక్టరు రామకోటేశ్వరరావుగారు సోఫాలో కూర్చుని ఉన్నారు. ఎనభై దాటినా చూపు సూదిలా ఉంటుంది. ఆ చూపు అప్లికేషన్ పెట్టుకున్న పిల్ల మీద కాకుండా పక్కనున్న తల్లి మీద నిలబడింది. రాజేశ్వరి అది గమనించలేదు. ఆవిడ కళ్ళు టీపాయ్ కింద ఉంచిన ప్రింటు మీదే ఉన్నాయి.

"నీ పని ఏంటో తేలిక మాటల్లో చెప్పమ్మా," అన్నారు డాక్టరుగారు.

శ్రీలలిత గొంతు సవరించుకుంది. ముప్ఫై ఏళ్ళకే కళ్ళ కింద నల్లటి వలయాలు. "మగ్గం పని చేసిన పెద్దవాళ్ళకి డిమెన్షియా వస్తే ఏమవుతుందో పెడనలో చూస్తున్నానండి. పేర్లు పోతాయి, ఊళ్ళు పోతాయి. చేతికి అలవాటైన పని మాత్రం చాలాకాలం పోదు. ఆ పని లేకపోతే చేతులు ఊరుకోవు. వాటిని చూసి ఇంట్లోవాళ్ళు హడలిపోతారు. ఆ పనే తిరిగి చేతికిస్తే ఇంట్లో మనిషికి రోజుకో రెండు గంటలు దొరుకుతాయా అన్నది నా ప్రశ్న. నేను లెక్క తీసుకునేది జబ్బు మనిషిని కాదండి, చూసుకునే మనిషిని. ఎంతసేపు పడుకుంది, ఎన్నిపూటలు అన్నం వేడిగా తినగలిగింది, ఎన్నిసార్లు ఏడ్చింది."

ఆ ఏడేళ్ళలో నువ్వు వేడన్నం తిన్నావా అని రాజేశ్వరిని ఎవరూ అడగలేదు. వెంటనే మనసు గట్టి చేసుకుంది. బాగానే రాసుకొచ్చింది మాటలు అనుకుంది.

"ఎన్ని ఇళ్ళు?" అన్నారు డాక్టరుగారు.

"నలభై అనుకున్నానండి. ఇప్పటికి తొమ్మిదే ఒప్పుకున్నాయి. మిగతావాళ్ళు తలుపు తియ్యట్లేదు."

"ఎందుకు తియ్యట్లేదో నేను చెబుతాను డాక్టరుగారూ," అంటూ రాజేశ్వరి ప్రింటు తీసి టీపాయ్ మీద పరిచింది. "ఫోటోలు తీసే పిల్ల వచ్చిందని తియ్యట్లేదు. ఇదిగో, ఈవిడ చేసిన మొదటి పరిశోధన. మా అత్తగారి చేతులు. కట్టింది నేను. తీసింది ఈ పిల్ల. ఊరంతా పంచింది వాళ్ళమ్మ. ఆ రోజు ఆ గదిలోకి వచ్చి, అత్తయ్యా ఎందుకు కట్టావని నన్ను ఒక్క మాట అడిగిందా? అడగలేదు. పక్క గదిలో నేను నిలబడి చద్దన్నం తింటున్నాను. ఇప్పుడు చూసుకునేవాళ్ళ మీద జాలి పుట్టుకొచ్చి, నా దగ్గరికే డబ్బుకి వచ్చింది."

"అవునత్తయ్యా," అంది శ్రీలలిత.

"ఏంటి అవును?"

"మీరన్నదంతా నిజమే. వాళ్ళు ఫోటో పిల్ల అనే అంటున్నారు. అడగకుండా తీశాను. అప్పుడు మీరు నాకు కనపడలేదు, చేతులే కనపడ్డాయి."

ఎదురు తిరుగుతుందనుకున్న పిల్ల తల వంచేసరికి రాజేశ్వరికి ఇంకా ఒళ్ళు మండింది. ఈలోగా శ్రీలలిత ఆ ప్రింటుని తన వైపు తిప్పుకుంది.

"దీన్ని ఇంత పెద్దది చేసి నేనూ చూశానత్తయ్యా. చాలాసార్లు. వేళ్ళ కొసలు చూడండి, బూడిద. తువ్వాలు అంచు చూడండి. దారాలు రెండు రెండు చొప్పున పేని, వరసగా ఎంత బాగా అతికి ఉన్నాయో. చేతులు కట్టేసినా వేళ్ళకి అందినంత మేర చేసింది. అమ్మమ్మ అచ్చు అతుకుతోంది."

"అంటే?" అన్నారు డాక్టరుగారు.

"మగ్గం మీద నిలువు దారాల పడుగు ఒకటి అయిపోయాక పాత దారాల కొసలు కొన్ని వదిలేస్తారండి. కొత్త పడుగులో ప్రతి దారాన్నీ, వేళ్ళకి బూడిద అద్దుకుని, పాత కొసతో కలిపి పేనాలి. వేల దారాలుంటాయి. నేతవాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు చేసే పని. అమ్మమ్మ యాభై ఏళ్ళు చేసింది. చీరలు పాడుచెయ్యలేదత్తయ్యా. పని చేసుకుంటోంది."

రాజేశ్వరి ఆ వేళ్ళ వంక చూస్తూ ఉండిపోయింది. ఆవిడ హనుమాన్ జంక్షన్‌లో బట్టల కొట్టు వాళ్ళ అమ్మాయి. గుడ్డ పట్టుకుని ధర చెప్పగలదు. దాని దారం దారంతో ఎలా కలుస్తుందో ఎప్పుడూ చూడలేదు. అత్తవారు అప్పటికే మగ్గాలు కూలివాళ్ళకి అప్పగించి బెజవాడ వచ్చేశారు. ఒక పాత చీరా, కాస్త బూడిదా ముందు పెట్టి ఉంటే ఆ ముసలామె కుదురుగా కూర్చునేదన్నమాట. తను పిచ్చి అనుకుని కట్టేసింది. ఆ బాధ లోపలే ఉంచుకోవడం చేతకాక దాన్ని తీసి ఎదుటి మనిషి మీదకి విసిరింది.

"నేను కొట్టు వాళ్ళ పిల్లని, నాకు తెలీదు," అంది భ్రమరాంబ వైపు తిరిగి. "మీరు మగ్గాల మధ్య పుట్టారు. మీ అమ్మ పక్కన కూర్చుని అతికారు. బూడిద వేళ్ళు చూస్తే మీకు తెలియాలి. నెలకోసారి వచ్చి గంట కూర్చున్నారే, ఒక్కసారి ఆ చేతులు చూశారా వదినా? ఒక్క మాట నాకు చెప్పుంటే నేను కట్టేదాన్నా? ఊరందరికీ చూపించారు, మీరు మాత్రం చూడలేదు. ఆఖరి నీళ్ళు కూడా పొయ్యనివ్వలేదు. ఇప్పుడు చెప్పండి. ఆ గ్రూపులోనే రాయండి, తప్పు నాదీ అని."

భ్రమరాంబ ఫోటో మీదకి వంగి చూసింది. "అయ్యో, ఎవరమ్మా ఈ పెద్దావిడ? చేతులు కట్టేశారే," అంది. "మంచినీళ్ళు ఇచ్చారో లేదో."

"నాటకాలు ఆడకండి."

"రాజేశ్వరీ," అన్నాడు వేణుగోపాల్.

"మీరు మాట్లాడకండి. మాట్లాడాల్సిన రోజున మాట్లాడలేదు."

శ్రీలలిత తల్లి చెయ్యి ఒళ్ళోకి తీసుకుని గాజులు పైకి జరిపింది. మణికట్టు చుట్టూ మానుతున్న ఎర్రటి గీత ఉంది.

"నేనే కట్టాను," అంది. "మూడు వారాలైంది. అంతకుముందు రోజు అమ్మ గ్యాస్ తిప్పేసి వీధిలోకి వెళ్ళిపోయింది. నాకు కాలేజీలో పరీక్ష డ్యూటీ. చూసే మనిషి ఆలస్యం చేసింది. ముప్పావు గంట. మీరు అమ్మమ్మకి మెత్తటి తువ్వాలు కట్టారు. నాకు తొందరలో చున్నీ దొరికింది. ఒరుసుకుపోయింది."

డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?" అన్నాడు వేణుగోపాల్. "ఫోన్‌లో బాగానే మాట్లాడేదిగా."

"రెండు నిమిషాలు బాగానే మాట్లాడుతుంది మావయ్యా. రెండేళ్ళు దాటింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే వస్తారు. వచ్చినవాళ్ళలో ఎవరు ఫోటో తీస్తారో అని."

రాజేశ్వరి ఉన్నచోటే కూర్చుండిపోయింది. ఇంతకంటే ఏం కావాలి? తను తొమ్మిదేళ్ళు అద్దం ముందు కూర్చుని ఊహించినా ఇంత శిక్ష తట్టేది కాదు. ఫోటో తీసిన చేతులే కట్టాయి, అదీ తనకంటే గట్టిగా. సంతోషం వస్తుందేమోనని ఆవిడ తన లోపల వెతుక్కుంది. ఎక్కడా లేదు. లేనందుకు కూడా కోపం వచ్చింది. ఇన్నేళ్ళు దాచుకున్న పగ తీర్చుకుందామంటే, దాన్ని అందుకోవాల్సిన మనిషి అక్కడ లేదు. ఆ మనిషి ఎటో వెళ్ళిపోయి, తన మొహం ఒక్కటే నవ్వుకుంటూ సోఫాలో కూర్చుని ఉంది.

ఇందాకటి గట్టి గొంతులకి భ్రమరాంబ బెదిరిపోయింది. "ఇంటికి పోదాం. చీకటి పడిపోయింది," అంటూ లేచింది. పొద్దున్న పదకొండు కావస్తోంది. శ్రీలలిత పట్టుకోబోతే విదిలించుకుని వచ్చి రాజేశ్వరి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నీకు పుణ్యముంటుంది. మా మరదలికి ఒక్కసారి ఫోన్ చెయ్యవా? రాజేశ్వరి దాని పేరు. బెజవాడలో ఉంటుంది. అది వస్తే చూసుకుంటుంది. మా అమ్మని అదే చూసుకుంది, నేను చెయ్యలేదు. ఒంట్లో ఓపిక లేకపోయినా చూసుకుంది." అంతలో గొంతు తగ్గించింది. "దాన్ని నేనేదో అన్నాను. ఏం అన్నానో గుర్తు రావడం లేదు. చెడ్డ మాటే. అందరిలో అన్నాను. దానికి కోపం వచ్చి రావడం మానేసింది. కోపం పెట్టుకోవద్దని చెప్పమ్మా."

రాజేశ్వరి చెయ్యి విడిపించుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. సింకు దగ్గర కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఆ మాట కోసం తొమ్మిదేళ్ళు కాచుకుని కూర్చుంది. ఇప్పుడు వచ్చింది. అదీ ఎవరో దారిన పోయే మనిషికి చెప్పినట్టు. దాన్ని పట్టుకెళ్ళి ఏ గ్రూపులో పెట్టుకోవాలి?

వేణుగోపాల్ వెనకే వచ్చి నిలబడ్డాడు. "ఆ రోజు నేను మాట్లాడి ఉండాల్సింది," అన్నాడు.

"ఉండాల్సింది," అంది రాజేశ్వరి. కొంగుతో మొహం తుడుచుకుని, నాలుగు గ్లాసుల మజ్జిగ కలిపి హాల్లోకి తెచ్చింది.

డాక్టరుగారు గ్లాసు అందుకుంటూ, "నా మార్కు పేరు చూడక ముందు వేసింది. పేరు తెలిశాక కూడా మార్చను. నీ సంతకం సంగతి చెప్పమ్మా," అన్నారు.

"నేను పెట్టనండి." శ్రీలలిత తల వంచుకుంది. రాజేశ్వరి చెప్పుకుపోయింది. "ఇవ్వకూడదని నిశ్చయించుకునే పిలిచాను. ఇప్పుడేమో ఇచ్చెయ్యమని ఏడుపు వస్తోంది. రెండూ సంతకానికి పనికొచ్చేవి కావు. ఈ ఒక్క ఏడూ నేను తప్పుకుంటున్నాను. మీరు చదివి వేసిన మార్కే ఖాయం. నా బదులు మీరే సంతకం పెట్టండి."

"అయితే ఇచ్చినట్టే," అన్నారాయన.

శ్రీలలిత అత్తయ్య కాళ్ళ వైపు వంగింది. రాజేశ్వరి ఆపింది.

"నీ మీద కోపం పోలేదు. ఆ మర్యాదలు తర్వాత చూసుకుందాం. ఇంకా ముప్ఫై ఒక్క ఇళ్ళు కావాలన్నావుగా. పెడనలో తలుపులు నేను కొడతాను. చేతులు కట్టేసిన కోడలు వచ్చిందంటే తీస్తారు. వాళ్ళూ కట్టుకునే ఉంటారు. నాకైతే చెబుతారు."

"అత్తయ్యా..."

"ఎప్పుడు పడుకున్నావు నువ్వు?"

శ్రీలలిత ఆలోచించాల్సి వచ్చింది. "బాగా అంటే... గురువారం అనుకుంటాను."

"లోపల గదిలో ఫ్యాన్ వేసుకుని పడుకో. నేను లేపేదాకా లేవకు. అన్నం వేడిగా ఉండగానే లేపుతాను."

పిల్ల వెళ్ళింది. డాక్టరుగారిని దింపడానికి వేణుగోపాల్ బయటికి నడిచాడు. హాల్లో ఇద్దరే మిగిలారు. రాజేశ్వరి ఆడపడుచు పక్కన కూర్చుని మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది. చెయ్యి వణుకుతుంటే కింద తన చెయ్యి పెట్టి పట్టుకుంది. భ్రమరాంబ కొంచెం తాగి, వీధి తలుపు వైపు చూసింది.

"ఫోన్ చేశావా అమ్మా? వస్తానందా?"

"నేనే వదినా. రాజేశ్వరిని."

భ్రమరాంబ ఆవిడని కింది నుంచి పైకి ఎగాదిగా చూసింది. నమ్మకం కుదరలేదు. "నువ్వు కాదు. అది సన్నగా ఉంటుంది."

"లావయ్యాను. తొమ్మిదేళ్ళయిందిగా మీరు చూసి."

"కోపం పోయిందా మరి?"

అబద్ధం చెప్పొచ్చు. మరు నిమిషానికి మర్చిపోయే మనిషికి ఏం చెప్పినా ఒకటే. కానీ రాజేశ్వరికి ఈవిడ దగ్గర అబద్ధం చెప్పాలనిపించలేదు.

"లేదు వదినా. ఇంకా ఉంది."

"అయినా వచ్చావా?"

"వచ్చాను," అంది రాజేశ్వరి. భ్రమరాంబ మణికట్టు మీది గీతకి కొబ్బరినూనె రాయడానికి లేచింది.